సర్కారు వకీలు ధర్మము

భూసేకరణలో పొలము పోగొట్టుకొని, ఇచ్చిన పరిహారము చాలలేదని సివిలు కోర్టు గడప ద్రొక్కిన రైతునకును, పింఛను బకాయిలకై హైకోర్టులో రిట్టు వేసిన విశ్రాంత ఉపాధ్యాయునకును ఎదుటి పక్షమున నిలిచి వాదించు ప్రభుత్వ ప్లీడరును మనవారు ‘జీపీ గారు’ అందురు. హత్యానేరములో అభియోగమును ఋజువు చేయు భారమును మోయు పబ్లిక్ ప్రాసిక్యూటరును ‘పీపీ గారు’ అందురు. వీరికి పైన రాష్ట్రమునకు అడ్వకేటు జనరలును, కేంద్రమునకు అటార్నీ జనరలును గలరు; రాజ్యాంగములోని 165వ, 76వ అధికరణములు ఆ పదవులను నెలకొల్పినవి. ప్రభుత్వమే ఈ దేశములో అందఱికంటె పెద్ద వ్యాజ్యదారు గావున, దాని పక్షమున నోరు విప్పు ఈ వకీలు ఎవరికి బద్ధుడను ప్రశ్న న్యాయవాదులు తమలో తాము చర్చించుకొని విడువదగినది కాదు.

సామాన్య కక్షిదారుని వకీలు, ఎదుటివాడు కాలపరిమితి దాటిన పిమ్మట దావా వేసెనని చూపి గెలిచినచో ఆతనిని తప్పుపట్టువారు లేరు. ఆతని కక్షిదారుడు ఒక వ్యక్తి, ఆ వ్యక్తి సొమ్మును కాపాడుటయే ఆతని పని. సర్కారు వకీలు సంగతి అట్లు కాదు. నేడు ఫైలు పంపిన అధికారి రేపు బదిలీయై పోవును. నేటి మంత్రివర్గము ఎన్నికలలో మాఱిపోవును. నిలుచునది రాజ్యమొక్కటే, ఆ రాజ్యములో బోనుకు ఆవలి ప్రక్క నిలిచిన రైతు సైతము భాగస్వామియే. 1973లో దిల్బాగ్ రాయ్ జర్రీ అను రైల్వే ఉద్యోగి వ్యాజ్యమున జస్టిస్ వి. ఆర్. కృష్ణయ్యరు ఈ మాటనే గట్టిగా చెప్పిరి: న్యాయమైన కోరికతో వచ్చిన పౌరుని సాంకేతికమైన అభ్యంతరములతో ఓడించుట రాజ్యమునకు తగదనియు, ప్రభుత్వ వ్యాజ్యవిధానమే మాఱవలెననియు వారి అభిప్రాయము. 1979లో మద్రాసు పోర్టు ట్రస్టు వ్యాజ్యములో సుప్రీంకోర్టు, న్యాయముగా చెల్లింపవలసిన బాకీని ఎగవేయుటకై ప్రభుత్వ సంస్థలు కాలదోష వాదమును చేపట్టుట హర్షింపదగినది కాదనెను. చట్టము ఆ వాదమును నిషేధింపలేదు. కాని చట్టము అనుమతించినదంతయు ప్రభుత్వము చేయదగినది కాదనునదే ఈ తీర్పుల సారము.

ఈ ధర్మము నిజముగా పరీక్షకు వచ్చునది వాదనలు జరుగు దినమున కాదు, అంతకు చాల ముందు, కాగితముల దశలో. సివిలు ప్రక్రియా స్మృతిలోని 80వ సెక్షను ప్రకారము ప్రభుత్వముపై దావా వేయదలచినవాడు రెండు మాసములు ముందుగా నోటీసు ఇయ్యవలెను. అది పౌరుని కాళ్ళకు వేసిన బంధము కాదు; తప్పు తనదైనచో ప్రభుత్వము కోర్టు మెట్లెక్కకుండగనే దిద్దుకొనుటకు ఏర్పఱచిన వ్యవధి. అయినను ఆ నోటీసులు అనేకములు జవాబు లేక దుమ్ము పట్టుచుండుట చూచి, 2005లో సేలం న్యాయవాదుల సంఘము వారి వ్యాజ్యములో సుప్రీంకోర్టు, వాటికి జవాబిచ్చు బాధ్యతను ప్రత్యేకముగా ఒక అధికారికి అప్పగింపవలెనని ఆదేశించెను.

రిట్టు వేయబడిన పిమ్మట నడచు క్రమము ఇది. దాని నకలు జీపీ కార్యాలయమునకు వచ్చును. అచ్చటినుండి సంబంధించిన శాఖకు పోవును. తహసీల్దారు కచేరిలోనో, డైరెక్టరేటు సెక్షనులోనో ఒక గుమాస్తా, పిటిషనులోని ఒక్కొక్క పేరాకు జవాబుగా ‘పారావైజు రిమార్కులు’ వ్రాసి పంపును. వాటిని బట్టి వకీలు కౌంటరు అఫిడవిట్టును తయారు చేయగా, అధికారి దానిపై ప్రమాణము చేసి సంతకము పెట్టును. ఇంతమంది చేతులు మాఱు ఈ దారిలో సత్యము జాఱిపోవుటకు చోటులెన్నో గలవు. రిమార్కులలో ‘పిటిషనరు ఆరోపణ నిరాధారము’ అని వ్రాయబడియుండును; ఫైలు లోపలి పుటలో మాత్రము క్రిందిస్థాయి అధికారి ఆ ఆరోపణ నిజమేనని వ్రాసిన నివేదిక పడియుండును. ఆ పుటను తెఱచి చూచిన వకీలు ఏమి చేయవలెను? రిమార్కులనే నకలు తీసి కౌంటరుగా మార్చినచో ఆతనిని అడుగువారుండరు. అయినను అసలైన వకీలు ఫైలు మొత్తమును తెప్పించుకొని చదువును. శాఖాధికారిని పిలిపించి, ఈ నివేదిక యుండగా ఈ ప్రమాణము చేయుట ఎట్లని నిలదీయును. ఆతడు వినకున్నచో అసత్యమైన అఫిడవిట్టును తన చేతితో దాఖలు చేయ నిరాకరించును. ఈ వృత్తిలో దీనికి మించిన ధైర్యము వేఱొకటి లేదని నా నమ్మకము.

ఓటమిని ఒప్పుకొనుట మఱింత కష్టము. క్రింది కోర్టులో ఓడిన అధికారికి అప్పీలు దాఖలు చేయించుటయే క్షేమకరము. డబ్బు చెల్లించినచో రేపు ఆడిటు ఆక్షేపణ రావచ్చును, విజిలెన్సు విచారణ రావచ్చును, పైకోర్టుకు పోయినచో ఏ నిందయు తనపైకి రాదు. ఇట్లు భయమువలన పుట్టిన అప్పీళ్ళు కోర్టుల బీరువాలను నింపుచున్నవి. ‘ఈ తీర్పుపై అప్పీలు చేయదగిన కారణము లేదు’ అని సంతకముతో వ్రాసి యిచ్చు జీపీ ఆ అధికారిని రక్షించును, ఖజానాను రక్షించును, పదేండ్ల నిరీక్షణనుండి ఒక కుటుంబమును రక్షించును. అప్పీలు చేయదగినదే అయినప్పుడు కాలములో చేయుట కూడ ధర్మమే: 2012లో తపాలాశాఖ వారు 427 దినముల ఆలస్యముతో దాఖలు చేసిన అప్పీలును, ఫైలు ఒక బల్లనుండి మఱొక బల్లకు పోవుట మన్నింపదగిన కారణము కాదని సుప్రీంకోర్టు త్రోసిపుచ్చెను.

పబ్లిక్ ప్రాసిక్యూటరు ధర్మము ఇంకను సూక్ష్మమైనది. నిర్దోషికి శిక్ష పడునట్లు అభియోగమును నడపరాదనియు, నిర్దోషిత్వమును స్థాపింపగల ఆధారములను దాచరాదనియు బార్ కౌన్సిల్ నియమావళి శాసించుచున్నది. పోలీసులు దర్యాప్తు చేయుదురు. ప్రాసిక్యూటరు వారి పనివాడు కాడు, న్యాయస్థానమునకు సహాయకుడు. కేసు ఉపసంహరణ విషయములోను ఇంతే. ప్రభుత్వము కోరవచ్చును, కాని 1977లో బల్వంత్ సింగ్ వ్యాజ్యమున స్పష్టపడినట్లు, నిర్ణయము ప్రాసిక్యూటరు స్వబుద్ధితో చేయవలసినది, ఎవని ఆజ్ఞకో లోబడి చేయదగినది కాదు. రాజకీయ నాయకులపై గల కేసులు ప్రభుత్వము మాఱినప్పుడెల్ల మాయమగుట గమనించి, శాసనసభ్యులపైనను పార్లమెంటు సభ్యులపైనను గల కేసులను హైకోర్టు అనుమతి లేక ఉపసంహరింపరాదని 2021లో సుప్రీంకోర్టు ఆదేశించెను. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత మఱొక అడుగు ముందుకు వేసి, బాధితుని మాట వినిన పిమ్మటనే ఉపసంహరణకు అనుమతి యియ్యవలెనని 360వ సెక్షనులో చేర్చినది.

ప్రభుత్వపు ఆజ్ఞకును అంతరాత్మకును వైరుధ్యము కలిగినప్పుడు ఏమి జరుగునో 1975, 1976 సంవత్సరములు మనకు చూపినవి. ఆత్యయిక పరిస్థితి ప్రకటింపబడగనే అదనపు సొలిసిటర్ జనరలుగా నున్న ఫాలీ నారిమన్ రాజీనామా యిచ్చిరి. ఆ పిమ్మట జబల్పూరు వ్యాజ్యములో, పోలీసు అధికారి పగతో ఒకనిని చంపినను కోర్టులో దిక్కు లేదా అని జస్టిస్ ఖన్నా అడుగగా, ఆత్యయిక పరిస్థితి యున్నంతకాలము లేదని అటార్నీ జనరల్ నిరేన్ డే బదులు చెప్పిరి. నలుగురు న్యాయమూర్తులు ప్రభుత్వ వాదమును అంగీకరించిరి, ఖన్నా ఒక్కరే విభేదించిరి. ఆ తీర్పును 2017లో సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము రద్దు చేసినది. వాదించుమన్నదానినంతయు వాదించుట ధర్మమగునా అను ప్రశ్నను ఆ ఒక్క బదులు శాశ్వతముగా మన ముందుంచినది.

అయితే కాదనగల వకీలు కావలెనన్నచో కాదన్నందుకు పదవి పోని స్థితి యుండవలెను గదా! నెల్లూరు జిల్లా నుండి వచ్చి 1929 మొదలు 1944 వఱకు మద్రాసు అడ్వకేటు జనరలుగా వెలుగొందిన అల్లాడి కృష్ణస్వామి అయ్యరుకు ఆ స్థైర్యమును పాండిత్యమే ఇచ్చినది. తాలూకా కోర్టులోని సహాయ జీపీకి అట్టి అండ లేదు. 1990లో ఉత్తర ప్రదేశ్ ప్రభుత్వము ఒక్క సర్క్యులరుతో అన్ని జిల్లాల ప్రభుత్వ న్యాయవాదులను తొలగింపగా, అది ఏకపక్షమని సుప్రీంకోర్టు కొట్టివేసెను. 2016లో బ్రిజేశ్వర్ సింగ్ చహల్ వ్యాజ్యమున, ప్రభుత్వ న్యాయవాదుల నియామకము దాన ధర్మము వంటిది కాదనియు, యోగ్యతను బట్టి, అవసరమైనంత సంఖ్యలో, అందఱికి కనబడు పద్ధతిలో జరుగవలెననియు ఆ కోర్టే చెప్పినది. ఆ పిదప హర్యానా, పంజాబు రాష్ట్రములు ఈ నియామకములకై ప్రత్యేక చట్టములు చేసికొన్నవి. ప్రభుత్వము మాఱగనే జీపీల జాబితా సమూలముగా మాఱు ఆచారమున్న ప్రతి రాష్ట్రములోను, శాసనసభ్యులు మొదట చదువవలసినవి ఆ చట్టములే.