రేచీకటి, ఆరో వేలు, తీరని ఆకలి

సాయంత్రం స్పెషల్ క్లాసు అయ్యాక ఆ అబ్బాయి గోడ తడుముకుంటూ మెట్లు దిగేవాడు. మధ్యాహ్నం అన్నం మళ్లీ మళ్లీ అడిగేవాడు. మేము పరధ్యానం అనుకున్నాం, తిండిపోతు అని నవ్వాం కూడా. రేచీకటి ఉందని వాళ్లమ్మ క్యారెట్లు, ఆకుకూరలు పెడుతూనే ఉంది. పుట్టినప్పుడు కాలికి ఆరో వేలుంటే తీయించిన సంగతి ఆమె చెప్పలేదు, మేము అడగలేదు. ఈ మూడింటినీ కలిపి చూసిన డాక్టరు జబ్బు పేరు చెప్పారు: బార్డెట్–బీడల్ సిండ్రోమ్.

1920లో బార్డెట్, 1922లో బీడల్ అనే వైద్యులు దీన్ని వివరించారు. మన కణాలకు వెంట్రుకల్లాంటి సన్నని భాగాలుంటాయి. వాటిని సీలియా అంటారు. కణానికి అందే సంకేతాలను పట్టుకునేవి అవే. వాటి పనికి అవసరమైన 20కి పైగా జన్యువుల్లో ఏ ఒక్కటి చెడినా ఈ జబ్బు రావచ్చు. రెటీనాలో వెలుగును పట్టే కణాలు క్రమంగా నశిస్తాయి. కడుపు నిండిందన్న కబురు మెదడుకు సరిగా అందదు, ఒళ్లు పెరుగుతుంది. కిడ్నీలూ దెబ్బతినవచ్చు. చదువు నెమ్మదించవచ్చు.

తల్లిదండ్రులిద్దరిలో ఒకే జన్యువుకు చెడిన ప్రతి ఒక్కోటి ఉండొచ్చు. వాళ్లకు ఏ లక్షణమూ కనిపించదు. కానీ ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. మేనరికాల్లో ఒకే తాత నుంచి ఆ ప్రతి ఇద్దరికీ దిగి వచ్చే వీలు ఎక్కువ. ఇందులో తల్లి తప్పూ లేదు, గ్రహణం తప్పూ లేదు. ఇంట్లో ఒక బిడ్డకు ఈ జబ్బుంటే, మరో కాన్పుకు ముందు, దగ్గరి సంబంధం కుదుర్చుకునే ముందు జన్యు సలహా తీసుకోవడం మంచిది.

చూపును వెనక్కి తెచ్చే మందు ఇంకా లేదు. అయినా చేయగలిగింది చాలా ఉంది. ఏటా కిడ్నీ, బీపీ, షుగర్ పరీక్షలు చేయించాలి. తిండి కొలతగా పెట్టాలి, ఆటలు మాన్పించకూడదు. బళ్లో ముందు బెంచీ, మంచి వెలుతురు, పెద్ద అక్షరాలు ఇవ్వాలి. చూపు ఉండగానే బ్రెయిలీ మొదలుపెట్టాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం అంధత్వాన్నీ, చూపు మందగించడాన్నీ గుర్తించింది. సర్టిఫికెట్ ఉంటే పరీక్షలో రాసిపెట్టే మనిషినీ, అదనపు సమయాన్నీ అడగవచ్చు.

ఎ విటమిన్ వాడినా రేచీకటి తగ్గకపోతే రెటీనా డాక్టరుకు చూపించండి. ఆరో వేలు తీయించి ఉంటే ఆ మాట దాచకండి. ఇప్పుడు మా బళ్లో సాయంత్రం ఆ అబ్బాయి చెయ్యి పట్టుకుని మెట్లు దించడానికి పిల్లలు వంతులు వేసుకుంటున్నారు. ఆ చెయ్యి మేమే ముందు అందించాల్సింది.