"భోజనం అయిందా?" అని అడిగా, అంతే!

ఫస్ట్ ఇయర్ పరీక్షలు అయిన వారానికే పాలకొల్లులో మా అమ్మమ్మ జారిపడింది. తుంటి ఎముక విరిగింది. అమ్మకీ నాన్నకీ ఆఫీసులు, ఖాళీగా ఉన్నది నేనొక్కడినే. వారం రోజులకని వెళ్ళి ఏడు వారాలు ఉండిపోయాను.

నేను పుట్టి పెరిగింది కూకట్‌పల్లిలో. తిరిగి రావడమంటే ఇంటికి రావడమే కదా, ఇందులో కొత్తగా అలవాటు పడేదేముంది అనుకున్నా. వచ్చిన రెండో రోజు సూపర్ మార్కెట్‌లో బిల్లు వేస్తున్న అబ్బాయిని "భోజనం అయిందా అండీ?" అని అడిగా. పాలకొల్లులో నోటికి అలవాటైపోయిన ప్రశ్న అది. అతను ఒక్క సెకను నా వైపు చూసి, "ఫోన్ నంబర్ చెప్పండి సార్" అన్నాడు. వెనక లైన్‌లో ఉన్నాయన గట్టిగా గొంతు సవరించుకున్నాడు.

ఆ వారమంతా ఇలాగే గడిచింది. రాత్రి హారన్లకి నిద్ర పట్టదు. సాయంత్రం నాలుగయ్యేసరికి ఏ పనీ చెయ్యకుండానే తలనొప్పి. ఓ రోజు మెట్రోలో హైటెక్ సిటీ వెళ్తూ, అమీర్‌పేటలో రెడ్ లైన్ నుంచి బ్లూ లైన్‌కి మారేటప్పుడు జనం మధ్యలో అలా నిలబడిపోయా. ఎందుకో తర్వాత అర్థమైంది. ఎదురొచ్చిన ప్రతి ముఖాన్నీ చూస్తున్నాను! పాలకొల్లులో చూడకపోతే తప్పు. "మాస్టారి మనవడు పలకరించకుండా పోయాడమ్మా" అని నేను ఇల్లు చేరేలోపే అమ్మమ్మకి కబురు చేరిపోతుంది.

నాకే ఇలా అవుతోందా అని చదవడం మొదలుపెడితే, దీనికి పేరే ఉందని తెలిసింది: రివర్స్ కల్చర్ షాక్. 1963లో గల్లాహార్న్ దంపతులు, విదేశాల్లో చదువుకుని తిరిగొచ్చిన అమెరికన్ల గురించి రాస్తూ ఒక గ్రాఫ్ ప్రతిపాదించారు. కొత్త చోటికి వెళ్ళినప్పుడు ముందు ఉత్సాహం, తర్వాత దిగులు, ఆ తర్వాత అలవాటు. గీస్తే ఇంగ్లీషు 'యు' అక్షరంలా ఉంటుంది. ఇంటికి తిరిగొచ్చాక మళ్ళీ అదే కథ, ఇంకో 'యు'. రెండూ పక్కపక్కన పెడితే 'డబ్ల్యూ'. ఈ రెండో గుంతలోనే మనం ఎక్కువగా తడబడతాం అని నాకనిపిస్తుంది. వెళ్ళేటప్పుడు ఎంతో కొంత సిద్ధపడి వెళ్తాం. సొంత ఇంటికి వచ్చేటప్పుడు ఎవడు సిద్ధపడతాడు?

సరే, పేరు తెలిసింది. మరి తలనొప్పి ఎందుకు? దీనికి జవాబు స్టాన్లీ మిల్‌గ్రామ్ దగ్గర దొరికింది. కరెంట్ షాక్ ప్రయోగం చేసిన సైకాలజిస్ట్ ఈయనే. 1970లో 'సైన్స్' పత్రికలో సిటీ జీవితం మీద ఒక వ్యాసం రాశాడు. అందులో ముఖ్యమైన మాట 'ఓవర్‌లోడ్'. ఆ మాటని ఆయన తెచ్చుకున్నది సిస్టమ్స్ అనాలిసిస్ నుంచి, అంటే దాదాపు మన సిలబస్ నుంచే! ఇన్‌పుట్స్ మరీ ఎక్కువగానో, మరీ వేగంగానో వస్తుంటే సిస్టమ్ అన్నింటినీ ప్రాసెస్ చెయ్యలేదు. కొన్నింటిని వదిలెయ్యాలి.

ఆ వ్యాసంలో ఒక లెక్క ఉంది. న్యూయార్క్ శివార్లలోని నాసో కౌంటీలో ఆఫీసు నుంచి పది నిమిషాల దూరంలో కలవగలిగే మనుషులు 11,000 మంది. న్యూఆర్క్ అనే ఓ మోస్తరు నగరంలో 20,000 పైన. మాన్‌హట్టన్ నడిబొడ్డున 2,20,000. మన లెక్క చూద్దాం. 2011 జనాభా లెక్కల ప్రకారం పాలకొల్లులో 60 వేల పైచిలుకు, గ్రేటర్ హైదరాబాద్‌లో 67 లక్షల పైన. అంటే వంద రెట్లకు మించి. పాలకొల్లు పద్ధతిలో అమీర్‌పేట స్టేషన్‌లో అందరినీ పలకరిస్తూ పోతే ఇల్లు చేరేది మర్నాడే.

అందుకే సిటీ మనిషి కొన్ని పద్ధతులు నేర్చుకుంటాడంటాడు మిల్‌గ్రామ్. ఒక్కొక్కరికీ తక్కువ టైమ్ ఇవ్వడం. ముఖ్యం కానివాటిని అసలు పట్టించుకోకపోవడం. ఎవరూ దగ్గరికి రాకుండా ముఖం సీరియస్‌గా పెట్టుకోవడం. ఇప్పుడైతే చెవిలో ఇయర్‌బడ్స్ ఉంటే చాలు, ముఖం కష్టపడక్కర్లేదు. ఇదంతా పొగరు కాదు, ఫిల్టర్. పాలకొల్లులో ఏడు వారాల్లో నా ఫిల్టర్ ఆఫ్ అయిపోయింది. తలనొప్పి దానివల్లే.

మూడో వారానికి ఫిల్టర్ మళ్ళీ ఆన్ అయింది. నిద్ర పట్టింది, మెట్రో సులువైపోయింది. హమ్మయ్య అనుకున్నా. కథ ఇక్కడ అయిపోతే ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదు.

ఓ ఉదయం బస్టాప్ దగ్గర ఇయర్‌బడ్స్ పెట్టుకుని వేగంగా నడుస్తున్నా. పక్కనుంచి ఒక ముసలావిడ, చేతిలో మందుల కవరు, ఏదో అడిగింది. ఆగలేదు. పది పదిహేను అడుగులు వేశాక ఆ మాటలు బుర్రకెక్కాయి: "బిడ్డా, ఈ బస్సు గాంధీ దవాఖానకు పోతదా?" వెనక్కి పరిగెత్తా. ఆవిడ లేదు, ఆ బస్సూ లేదు. సరైన బస్సే ఎక్కిందో లేదో నాకిప్పటికీ తెలీదు. ఏడు వారాలు అమ్మమ్మ చెయ్యి పట్టుకుని నడిపించినవాణ్ణి నేనే.

మిల్‌గ్రామ్ వ్యాసంలోనే ఒక ప్రయోగం ఉంది. కొందరు విద్యార్థులు ఇళ్ళ తలుపులు తట్టి, "స్నేహితుడి అడ్రసు పోయింది, ఒక్క ఫోన్ చేసుకోవచ్చా?" అని అడిగారు. మాన్‌హట్టన్‌తో పోలిస్తే చిన్న ఊళ్ళలో కనీసం రెండింతలు ఎక్కువగా లోపలికి రానిచ్చారు. సిటీలో నూటికి 75 మంది తలుపు తియ్యకుండానే జవాబిచ్చారు. మొదటిసారి చదివినప్పుడు "అబ్బో!" అనుకుని ముందుకెళ్ళిపోయా. బస్టాప్ సంగతి తర్వాత అర్థమైంది, ఆ 75లో నేనూ ఉన్నానని.

అలాగని ఊరు స్వర్గం, సిటీ నరకం అనను. పాలకొల్లులో టీ కొట్టు దగ్గర పది నిమిషాలు నిలబడితే ఇంట్లో ఎంక్వైరీ. నా సీజీపీఏ మందుల షాపాయనకి కూడా కావాలి. జార్జ్ సిమ్మెల్ అనే జర్మన్ ఆలోచనాపరుడు 1903లోనే ఈ రెండు వైపులూ రాశాడు: మహానగరం మనిషిని దేనికీ చలించనివాడిగా చేస్తుంది, కానీ చిన్న ఊరు ఇవ్వలేని స్వేచ్ఛ కూడా ఇస్తుంది. ఆ స్వేచ్ఛ నాకూ కావాలి.

కాబట్టి సెలవుల తర్వాత ఊళ్ళ నుంచి తిరిగొచ్చే ఫ్రెండ్స్‌కి నేను చెప్పేది ఇంతే. మొదటి రెండు వారాలు చిరాకుగా ఉంటే మీలో లోపమేమీ లేదు, ఫిల్టర్ లోడ్ అవుతోంది. ఎక్కడికైనా ఓ పావుగంట ముందు బయల్దేరండి. హడావుడిలో ఉన్నవాడికి ఎవరూ కనిపించరు. ఫిల్టర్ వచ్చాక మాత్రం దాని సెట్టింగ్స్ ఒకసారి చూసుకోండి. ఎవరిని లోపలికి రానివ్వాలో దాన్నే తేల్చనిస్తే అది అందరినీ బ్లాక్ చేస్తుంది.

నేను మార్చుకున్నవి రెండే. రోజూ రాత్రి ఎనిమిదింటికి అమ్మమ్మకి ఫోన్, మిగతావన్నీ సైలెంట్. బస్టాప్‌లో ఇయర్‌బడ్స్ జేబులో. ఇప్పటిదాకా ఎవరూ నన్ను దారి అడగలేదు. అడిగితే మాత్రం వినిపిస్తుంది.