యాప్ నేర్చుకొను రైతును గమనించు విధము



2025 పత్తి కాలమున భారత పత్తి సంస్థకు మద్దతు ధరకు అమ్మదలచిన రైతు ‘కపాస్ కిసాన్’ అను ఫోను యాప్‌నందు పేరు నమోదు చేసికొని, సరకు తెచ్చు దినమునకు స్లాటు తీసికొనవలసి వచ్చెను. ఆ యేట పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలునకు 8,110 రూపాయలు. స్లాటు తీసికొనలేనివానికి వర్తకుడు చెప్పినదే ధర. కావున యాప్ నేర్చుకొను రైతు ఎచట తడబడుచున్నాడో సరిగా కనుగొనుట మన హసన్‌పర్తి ప్రాంతమునకు రూపాయల విషయమే.

నేర్పిన పిమ్మట ‘అర్థమైనదా?’ అని యడిగిన అందరును తలయూపుదురు. ఆ తలయూపును నమ్మి నేను చాలకాలము మోసపోయితిని. గులాబిరంగు పురుగు విషయమున మనమట్లు చేయము గదా! లింగాకర్షక బుట్టలో రాత్రికి 8 రెక్కలపురుగుల చొప్పున వరుసగా 3 రాత్రులు పడినగాని మందు మాట తలపెట్టము. కంటికి కనబడినదానినే లెక్కింతుము. మనుష్యుల విషయమునను అట్లే చేయవలయును.

ముందుగా గుర్తులు ఏర్పరచుకొనవలయును. తెరను నొక్కిన ‘నొ’, పది సెకనులు వ్రేలు కదలకున్న ‘ఆ’, ప్రక్కవారిని ప్రశ్నించిన ‘ప్ర’, ఫోను ఇతరుల చేతికి పోయిన ‘చే’. ‘భయపడెను’, ‘తెలియలేదు’ అని వ్రాయరాదు. ఎదుటివాని మనస్సు మనకు కనబడదు. ఒక్కరు గాక యిద్దరు వేరువేరుగా వ్రాసి పోల్చుకొనవలయును.

ఇచట నొక మోసము గలదు. 100 ఘట్టములలో 80 చోట్ల ఇద్దరి వ్రాతయు కలిసినదనుకొందము. బాగుగనే యున్నట్లు తోచును. కాని యిద్దరును 70 మారులు ‘నొ’ యనియు, 30 మారులు ‘ఆ’ యనియు వ్రాసియుండిరేని, తెరవైపు చూడకయే వ్రాసినను 58 చోట్ల కలియవచ్చును. మిగిలిన 42లో చూపువలన కలిసినవి 22 మాత్రమే. అనగా సగమునకు కొంచె మెక్కువ. 1960లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జేకబ్ కోహెన్ చెప్పిన ‘కప్పా’ కొలత యిదియే. ఇట్టి లెక్క వచ్చినపుడు గుర్తుల అర్థమునే మరల సరిచూచుకొనవలయును.

‘ఆ’ ఎన్ని మారులు వచ్చెననుటకంటె, దాని తరువాత ఏమి వచ్చెనన్నది ముఖ్యము. ‘ఆ’ పిమ్మట ‘నొ’ వచ్చిన, రైతు తానే ముందుకు సాగినాడు. ఆ యాగుట నష్టము కాదు. ‘ఆ’ పిమ్మట మాటిమాటికి ‘చే’ వచ్చిన, పాఠమచట తెగినది. అయితే ‘చే’ యను గుర్తు రెండు సంగతులను కలిపివేయుచున్నది. ఓటీపీ కొడుకు ఫోనునకు వచ్చుటచే రైతు తానే తన ఫోనును అతని కిచ్చుట యొకటి. నేర్పువాడు ఓపికలేక లాగికొనుట మరియొకటి. మొదటిది ఎంత నేర్పినను పోదు, నమోదైన నెంబరును మార్పించవలయును. రెండవది రైతు లోపమే కాదు. నా శిక్షణలను ఈ దృష్టితో చూచుకొనగా, పది సెకనులు నిండకమునుపే ఫోను లాగికొన్నది అనేక మారులు నేనే.

అందుచే ఆ గుర్తును ‘ఇచ్చె’, ‘లాగె’ అని రెండుగా విడదీసితిని. ఇక నేర్పువాడు చేతులు వెనుకకు కట్టుకొని నిలువవలయును. ఆ యేట స్లాట్లు ముందున్న ఏడు దినములకు మాత్రమే తెరచియుండెడివి గనుక, పలుమారులు పత్తి ఏరు రైతు ఆ మెట్టును మరల మరల, ఇంటివద్ద ఒంటరిగా ఎక్కవలసినవాడే.