నడిసంద్రమున నిలిచిన ఓడ

గండివద్ద పాలకొండలను చీల్చుకొని వెలువడు పాపాఘ్ని కమలాపురము చెంత పెన్నను కూడి, పెన్నతోపాటు నెల్లూరుసీమ మీదుగా బంగాళాఖాతమున కలియుచున్నది. ఆ నీటిని వెంబడించి తీరమువెంట ఉత్తరమునకు పోయినచో కాకినాడకు ఎదుట కృష్ణా గోదావరి బేసిన్ తగులును. 2002లో అచటి లోతునీటి క్రింద సహజవాయువు బయటపడినది. 2009లో వెలికితీత ఆరంభమైనది. నీటిలోతు వేయి మీటర్లు దాటిన తావుల లంగరు వేయుట దుష్కరము గనుక, సముద్రగర్భమును తొలుచు ఓడలు కేవలము యంత్రబలముచేతనే ఒక బిందువుపై నిలిచి పనిచేయును. అవధి మీరి జరిగినచో బావినుండి పైకి వచ్చు గొట్టము తెగిపోవు ప్రమాదము కలదు. దానిని ముందే విడదీయవలసి వచ్చును.

ఓడకు చలనములు ఆరు: అణియమువైపునకో అమరమువైపునకో సాగుట, ప్రక్కలకు జరుగుట, నిలువునా లేచిపడుట, ప్రక్కకు ఒరుగుట, అణియము ఎగసి క్రుంగుట, దిక్కు మరలుట. అలలవలని ఊపు కొన్ని సెకండ్లలోనే వచ్చిపోయి ఓడను మరల ఉన్నచోటికే చేర్చును. గాలివలనను ప్రవాహమువలనను కలుగు జరుగుబాటు నిమిషముల తరబడి నెమ్మదిగా సాగి తావు తప్పించును. ఓడక్రింది పంకాలు ప్రతి అలతోను పెనగులాడినచో ఇంధనము వ్యర్థము, యంత్రము అరుగును, ఫలము సున్న. కావున తూర్పారబట్టు రైతు పొల్లును వదలి గింజను పట్టినట్లు, కొలతలనుండి ఆ నెమ్మదిచలనమును ఏరి, దానికి మాత్రమే ఎదురుబలము చూపవలెను. ఈ విద్యయంతటికిని మర్మము ఇదియే యని నా తలంపు.

అనుభవజ్ఞుడైన సరంగు ఓడ ఎంత దారితప్పినదో చూచుటయేగాక, ఎంత వేగముగా తప్పుచున్నదో, ఎంతసేపటినుండి తప్పియున్నదో కూడ గమనించి చుక్కాని త్రిప్పునని గ్రహించి, 1922లో మినోర్‌స్కీ అను ఇంజనీరు ఆ నేర్పును గణితమునకు ఎక్కించెను. 1960లో కాల్మన్ అను శాస్త్రజ్ఞుడు మరియొక మార్గము చూపెను: ఓడ బరువును, నీటి ఆటంకమును ఎరిగిన లెక్క మరుక్షణమున ఓడ ఎచట నుండునో ముందే చెప్పును, ఉపగ్రహమును, గైరో దిక్సూచియు చెప్పినదానితో పోల్చి, ఏది ఎంత నమ్మదగినదో ఆ మేరకు దానిని సవరింతురు. 1970ల దశకమున నార్వే ఇంజనీర్లు దీనిని నిలుకడ ఓడలకు అన్వయించిరి.

అయినను అంచనాకు ఒక హద్దు కలదు. దానిని నిరూపించినవాడు ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితము చదివిన తెలుగుబిడ్డ, కల్యంపూడి రాధాకృష్ణారావుగారు. పక్షపాతము లేని అంచనాను ఎంత చాతుర్యముతో కట్టినను, దాని చాంచల్యము కొలతలలోనున్న సమాచారము నిర్ణయించు కనిష్ఠావధికి దిగువకు పోజాలదని 1945లో కలకత్తాలో వెలువడిన వ్యాసమున ఆయన తేల్చిరి. సముద్రము ఊసే లేని ఆ సూత్రము నౌకాచలనమును అంచనా కట్టువారికి కొలబద్ద యైనదని మన బాలురకు తప్పక చెప్పవలెను. లెక్కను ఎంత సానపట్టినను ఆ హద్దువద్ద ఆగవలసినదే గనుక, ఇంకను నిర్దుష్టత కావలసినచో కొలతలనే పెంచవలెను. అందుచేతనే అట్టి ఓడలు ఉపగ్రహములనే నమ్ముకొనక, సముద్రపు అడుగున ధ్వనిపరికరములను దింపి, వాని శబ్దము చేరుటకు పట్టిన కాలమునుబట్టి తమ తావును మరల కొలుచుకొనుచున్నవి.