విక్టోరియా సరస్సు

ఆఫ్రికాఖండము పేరు వినినతోడనే మనకు సహారా యెడారియు, సింహములు సంచరించు నరణ్యములును జ్ఞప్తికి వచ్చును. కాని యా ఖండమధ్యమున సముద్రమువలె ఆవలిదరి కానరాని మంచినీటి సరస్సొకటి గలదు. అదియే విక్టోరియా సరస్సు. దాని వైశాల్యము సుమారు 26,600 చదరపు మైళ్ళు. ప్రపంచమందలి మంచినీటి సరస్సులలో ఉత్తర అమెరికాలోని సుపీరియరు సరస్సు తరువాత విస్తీర్ణమున నిదియే పెద్దది. టాంజానియా, యుగాండా, కెన్యా యను మూడు దేశము లీ సరస్సును పంచుకొనియున్నవి. భూమధ్యరేఖ దాని యుత్తరభాగము మీదుగా పోవుచున్నది.

1858వ సంవత్సరమున స్పీక్ అను నాంగ్లేయుడు దక్షిణతీరమునుండి దీనిని జూచి, తమ దేశపు రాణి పేరు పెట్టెను. అంతకు పూర్వ మా సరస్సునకు పేరు లేదని తలపరాదు. ఉత్తరతీరవాసులగు గాండా ప్రజలు దానిని నలుబాలే యనియు, తూర్పుతీరమందలి లువో ప్రజలు నామ్ లోల్వే యనియు పిలుతురు.

సముద్రమట్టమునకు 3,700 అడుగుల యెత్తున, పీఠభూమిమీద నొక పళ్ళెరమువలె నీ సరస్సు పఱచుకొనియున్నది. ఇంత విశాలమయ్యును మిక్కిలి లోతైన చోట సుమారు 270 అడుగులు మాత్రమే. నదులు తెచ్చు నీటికన్న దానిపై నేరుగా కురియు వానయే యెక్కువ. వచ్చిన నీటిలో నధికభాగము మరల నెండకు ఆవిరియై పోవును. మిగిలినది యుత్తరమున జింజా పట్టణమువద్ద వెలికి పాఱును. అదియే శ్వేతనైలు నది. 1948లో మహాత్మాగాంధి చితాభస్మములో కొంతభాగ మిచ్చటనే నదిలో కలుపబడెను.

తీరమున ననేకచోట్ల పపైరసు అను తుంగజాతి మొక్క మనిషికన్న నెత్తుగా దట్టముగా పెరుగును. ఆ తుంగలో సిటటుంగా యను జింకవంటి మృగము వసించును. దాని గిట్టలు పొడవై, విడివడియుండుటచే బురదలో దిగబడదు. యుగాండాలోని మబాంబా చిత్తడినేలలో షూబిల్ అను వింతపక్షి గలదు. చెప్పువలె వెడల్పైన ముక్కుతో నది గంటలకొలది కదలక నిలిచి, ఊపిరితిత్తులు గల యొకజాతి చేప గాలికొఱకు పైకి వచ్చినప్పుడు తటాలున పట్టుకొనును. మొసళ్ళును, నీటిగుఱ్ఱములును సరేసరి. కొన్ని దినములలో నీటిలోనుండి సన్నని యీగలు లెక్కకు మిక్కిలిగా లేచి, దూరమునకు పొగమబ్బులవలె కనబడును. కొందఱు తీరవాసులు వానిని పట్టి, నలిపి, రొట్టెలవలె చేసికొని తిందురు.

అయినను ఈ సరస్సునకు శాస్త్రలోకమున పేరు తెచ్చినవి పెద్దమృగములు గావు. జానెడైనను లేని చిన్నచేపలు. టాంజానియాలో వానిని ఫురు అందురు. వీనిలో 500లకు మించిన జాతు లుండెనని శాస్త్రజ్ఞులు గణించిరి. ఒకజాతి రాళ్ళమీది పాచిని గీకి తినును. ఒకటి నత్తగుల్లలను పగులగొట్టును. ఇంకొకటి పురుగులను ఏఱుకొనును. సుమారు 15,000 సంవత్సరముల క్రిందట సరస్సు ఎండిపోయినదనుటకు అడుగునందలి మట్టిపొరలలో నిదర్శనములు దొరకినవి. ఇన్ని జాతు లంత స్వల్పకాలములో నేర్పడుట సృష్టిలో మిగుల నరుదు.

ఈ చేపల మాతృధర్మము మన సోదరీమణు లెఱుగదగినది. గ్రుడ్లు పెట్టినతోడనే తల్లి వానిని నోట నిముడ్చుకొనును. పిల్లలు పొదిగి, యీదనేర్చువఱకును, అనగా రెండుమూడు వారములు, అది దాదాపు నిరాహారముగా నుండును. పిల్లలను విడిచిన తరువాత గూడ అపాయము తోచెనేని అవి పరుగున వచ్చి తల్లినోట దూరుకొనును. తల్లిచేత నీ పిల్లలను కక్కించి తిను చేపలును వీనిలో గలవు! మగచేపల నీలి, ఎఱుపు, పసుపు వన్నెలను జూచియే ఆడుచేప తన జాతివానిని గుర్తించి వరించును.

ఇట్టి సరస్సులోనికి మనుష్యు డొక క్రొత్తచేపను తెచ్చి విడిచెను. 1905 మొదలు విదేశపు వలలు వచ్చుటచే, ప్రజల కిష్టమైన ంగేగే యను చేప క్రమముగా తగ్గిపోయెను. చిన్నచేపలకు ధర తక్కువ. కావున వానిని తిని బలియు పెద్దచేప యున్నచో లాభము కలుగునని కొంద ఱధికారులు తలచిరి. నైలునదిలో పెర్చి యను చేప గలదు. ఆఱడుగుల పొడవువఱకు పెరుగును. జలపాతము లడ్డుపడుటచే నది స్వయముగా పై సరస్సునకు రాజాలదు. దీనిని విడుచుట ప్రమాదకరమని ఫ్రయర్ అను శాస్త్రజ్ఞుడు 1960లో హెచ్చరించెను. అయినను 1950-1965 నడుమ నది సరస్సులో ప్రవేశపెట్టబడెను.

ఇరువది యేండ్లు పెద్ద మార్పేమియు కనబడలేదు. 1980 తరువాత పెర్చి విపరీతముగా వృద్ధిపొందెను. ఒకప్పుడు సరస్సులోని చేపల బరువులో నధికభాగము ఫురులదియే. కొన్నియేండ్లలో వలలకు వానిజాడయే దొరకదాయెను. సుమారు 200 జాతులు నశించినట్లు శాస్త్రజ్ఞుల యంచనా.

పెర్చివలన లాభము లేదనుట న్యాయముగాదు. తీరమున కర్మాగారములు వెలసెను. చేపముక్కలు యూరపునకు ఎగుమతియై మూడు దేశములకును ధనము వచ్చెను. వేలకొలది జనులకు పని దొరకెను. కాని యా మార్పు స్త్రీల కేమి చేసెనో చూడవలయును. పూర్వము చిన్నచేపలను కొని, ఎండలో నారబెట్టి, సంతలో నమ్ముట స్త్రీల పని. దానికి పెట్టుబడి కొంచెము. పెర్చి పెద్దది, కొవ్వుగలది, ఎండకు ఆఱదు. దానిని పొగబెట్టవలయును, లేదా వేపవలయును. అందుకు కట్టెలు కావలెను, చెట్లు నఱకబడెను. మంచి మాంసము కర్మాగారమునకు పోగా, తలయు, ముల్లును మాత్రమే పేదస్త్రీలకు మిగిలెను. ఆ యెముకలగూటినే నూనెలో వేచి వారు అమ్ముకొనుచుండిరి. సరస్సు ఒడ్డున నుండియు మంచి చేప తినలేని కుటుంబము లేర్పడెను.

మఱియొక కీడు నీటికే కలిగెను. పొలములనుండి కొట్టుకొనివచ్చిన మన్నును, ఎరువును, పట్టణముల మురుగును జేరి నీరు కలుషితమై, పాచి పెరిగి, మసకబాఱెను. మసకనీటిలో ఆడుచేపలకు మగవాని వన్నె తెలియక, జాతులు సంకరమగుచున్నవని 1997లో ప్రకటితమైన పరిశోధన తెలిపెను. 1990 ప్రాంతమున మన చెఱువులకు చిరపరిచితమైన గుఱ్ఱపుడెక్క యచ్చట విజృంభించెను. రేవులు మూసికొనిపోయెను, పడవలు కదలవాయెను, నీటికి వచ్చు స్త్రీలకు దారి లేదాయెను. దానిని మాత్రమే తిను చిన్న పెంకుపురుగులను 1995 మొదలు విడువగా, 2000 నాటికి చాలవఱకు తగ్గెను. అప్పుడప్పుడు మరల తలయెత్తుచునే యున్నది.

ఆశకు తావు లేకపోలేదు. పెర్చిని విశేషముగా పట్టుటచే నది కొంత తగ్గి, కొన్ని ఫురు జాతులు మరల కనబడినవి. మన మెత్తళ్ళవంటి సన్నని వెండిచేప యొకటి గలదు. దానిని డాగా యనియు, కెన్యాలో ఓమెనా యనియు పిలుతురు. జాలరులు వెన్నెల లేని రాత్రులయందు దీపములతో దానిని పట్టుదురు. స్త్రీలు పగలు ఇసుకమీదను, వలలమీదను ఎండబెట్టుదురు. పేదలకు బలమైన యాహార మదియే. కాని చేపల నిచ్చుటకు కొందఱు జాలరులు స్త్రీల మానమునే మూల్యముగా కోరు దురాచార మచ్చట ప్రబలెను. దానిని సహింపక, కెన్యాతీరమున నొక గ్రామపు స్త్రీలు 2011లో సంఘముగా జేరి, సాయము పొంది, తమకే సొంతపడవలు సంపాదించుకొనిరి. పడవ తమదైనప్పుడు బేరము తమదయ్యెను.

ఈ సరస్సు కథ మన కొక నీతిని బోధించుచున్నది. పెద్దచేపను తెచ్చినవారు ధర నొక్కదానినే లెక్కవేసిరి. చిన్నచేపలు పాచిని తిని నీటి నెట్లు శుభ్రపఱచునో, స్త్రీలు వాని నెండబెట్టి యెన్ని కుటుంబములను పోషించుచుండిరో వారి లెక్కలో చేరలేదు. ఇంటిలో చిన్నపని యని తోచు ప్రతిపనియు దేనికి నిలువయో గృహిణికి తెలియును. ఆ దృష్టితోనే చూచినచో మన యూరి చెఱువుగాని, దూరదేశపు మహాసరస్సుగాని చల్లగా నుండగలదు.