ప్రజా ప్రసారం

లాభాపేక్ష లేకుండా ప్రజాధనంతో, విరాళాలతో నడిచే రేడియో, టీవీ వ్యవస్థే ప్రజా ప్రసారం. అమెరికాలో దీనికి 1967 నాటి చట్టం పునాది. నిధులు పంచడానికి ఆ చట్టం కింద ఏర్పడిన కార్పొరేషన్ ఫర్ పబ్లిక్ బ్రాడ్‌కాస్టింగ్‌కు కేటాయించిన సుమారు 110 కోట్ల డాలర్లను 2025 జులైలో ఆ దేశ కాంగ్రెస్ రద్దు చేసింది. దాంతో సంస్థ మూసివేతకు సిద్ధమైంది.

జాతి సమానత్వం కోసం ఈ వ్యవస్థ చేసిన పని చాలా విలువైనది. అయితే అదేమీ తేలిగ్గా జరగలేదు. నల్లజాతి ప్రేక్షకుల కోసం 1968లో ‘బ్లాక్ జర్నల్’ అనే టీవీ కార్యక్రమం మొదలైంది. పగ్గాలు మాత్రం శ్వేతజాతి నిర్మాత చేతిలోనే ఉండటంతో నల్లజాతి సిబ్బంది పని మానేసి బయటికొచ్చారు. ఆ తర్వాతే నల్లజాతీయుడైన విలియం గ్రీవ్స్‌కు సారథ్యం దక్కింది.

అన్ని రంగుల పిల్లలూ కలిసి ఆడుకుంటారన్న కారణంతో 1970లో మిసిసిపీ విద్యా టీవీ కమిషన్ పిల్లల కార్యక్రమం ‘సెసమీ స్ట్రీట్’ను ఆపేసింది. నిరసనలు రావడంతో కొద్ది వారాల్లోనే వెనక్కి తగ్గింది. అలబామా విద్యా టీవీ నల్లజాతి కార్యక్రమాలను వరసగా పక్కనపెట్టింది. చివరికి 1975లో సమాఖ్య కమ్యూనికేషన్ల కమిషన్ దాని లైసెన్సుల పునరుద్ధరణకు నిరాకరించింది. ప్రజల డబ్బుతో నడిచే సంస్థను జవాబు అడగవచ్చని తేల్చిన ఆ నిర్ణయం నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది.

పౌరహక్కుల ఉద్యమాన్ని ఇంటింటికీ చేర్చిన హెన్రీ హాంప్టన్ డాక్యుమెంటరీ ‘ఐస్ ఆన్ ద ప్రైజ్’ 1987లో ప్రసారమైందీ ప్రజా టీవీ తెరమీదే. అలాంటి వ్యవస్థకు 2025లో పడిన నిధుల కోత దెబ్బ ఎక్కువగా తగిలింది ఆదివాసీ తెగలు నడుపుకునే చిన్న రేడియో కేంద్రాలకు.