తుపాకి బడిలో రెండు దినములు



చిన్ననాడు అమరకోశమును, శబ్దమంజరిని వల్లించి, పిమ్మట ముప్పదియేండ్లకు పైగా పల్లె పాఠశాలలలో పిల్లలకు తెలుగు చెప్పినవాడు తుపాకిని గూర్చి ప్రసంగింప బూనుట మీకు వింతగా దోచవచ్చును. నాకును వింతగానే యున్నది. నేనెన్నడును తుపాకి పేల్చినవాడను గాను. కాని రెండు దినములు ఒక తుపాకి బడి గట్టున కుర్చీ వేసికొని కూర్చుండి, అచ్చట జరిగినదెల్ల కన్నులార జూచితిని, చెవులార వింటిని. అది మీకు విన్నవింతును.

మా పెద్దకుమారుడు అమెరికా దేశమున పెన్సిల్వేనియా రాష్ట్రమున ఉద్యోగి. ఆ మధ్య నేనతని యింట మూడు మాసములుంటిని. ఒకనాటి రాత్రి భోజనములవేళ అతడు, పండ్రెండేండ్ల నా మనుమనిని శని ఆదివారములలో జరుగు తుపాకి శిక్షణకు దీసికొనిపోవుదునని చెప్పెను. మా కోడలు చేతనున్న గరిటె దించి లోపలికి బోయెను. నాకును ముద్ద దిగలేదు. 2022వ సంవత్సరమున, ఆ ఒక్క యేడాదిలో, ఆ దేశమున తుపాకివలన మరణించినవారు 48,000 మందికి పైబడిరి. అందు సగమునకు మించినవారు తమ్ము దామే కాల్చుకొన్నవారు. ఇది ఆ ప్రభుత్వమువారి లెక్కయే. బడులలో జరిగిన ఘోరములను మీరును పత్రికలలో చదివియుందురు. “నాయనా, నీవు బిడ్డకు నేర్పదలచినది విద్యయా, వ్యసనమా?” యని యడిగితిని. “మీరే వచ్చి చూడుడు, నాన్నగారూ. మీరు వలదన్నచో మరల తీసికొనిపోను” అని యతడు పలికెను. తీర్పు నా నెత్తిన బడినది.

ఆ శిక్షణను నడపువారు ‘ప్రాజెక్టు యాపిల్‌సీడ్’ అను సంఘమువారు. యాపిల్‌సీడ్ అనగా ఆపిల్ విత్తనము. 1774లో బుట్టి 1845లో గతించిన జాన్ చాప్‌మన్ అనునతడు ఊరూర దిరిగి ఆపిల్ మొక్కల నారుమళ్లు పెంచెనట. ఆ దేశపు పిల్లలకు అతని కథ మన మర్యాదరామన్న కథలంత పరిచితము. ఆ పేరు దెచ్చి వీరు తమ సంఘమునకు బెట్టుకొనిరి. బోధించువారెవ్వరును జీతము గొనరు. వడ్రంగి, దాది, విశ్రాంతి గొన్న సైనికుడు, ఇట్టివారు తమ సెలవుదినములలో వచ్చి చెప్పుదురు. నేర్చుకొనవచ్చినవారిలో తండ్రులు, కొడుకులు, ఆడపిల్లలు, నాయీడు ముసలివారును గలరు. నన్నుమాత్ర మెవ్వరును తుపాకి పట్టుమనలేదు. ఆ దేశపు చట్టమును బట్టి, కొన్ని మినహాయింపులు దప్ప, చుట్టపుచూపుగా వచ్చిన విదేశీయుడు తుపాకి చేతబట్టరాదు. ఆ చట్టము నా మనస్సునకు మిక్కిలి హాయి గూర్చినదని దాచక చెప్పుచున్నాను.

ఉదయమున మొట్టమొదట చెప్పినది గురి గాదు, జాగ్రత్త. సూత్రములు నాలుగే. తుపాకి మొన ఎల్లవేళల నిరపాయమైన దిక్కునకే యుండవలెను. ఆజ్ఞ యైనగాని తూటా నింపరాదు. గురి లక్ష్యముపై నిలిచినగాని మీటపై వ్రేలు వేయరాదు. నాలుగవది నన్నాకర్షించినది: నీవు పాటించుట చాలదు, నీ చుట్టునున్నవారును పాటించునట్లు చూడవలెను. ఎవరికి అపాయము దోచినను, పసివాడైనను సరే, ‘కాల్పులాపుడు’ అని కేకవేయవచ్చును. కేక వినబడినంతనే అందరును ఆపవలసినదే. కాల్చుట ముగిసినవెనుక ప్రతి తుపాకియు గది తెరచి, అందొక చిన్న రంగుజెండా గ్రుచ్చి, నేలపై నుంచవలెను. అధికారి వరుసనెల్ల పరీక్షించి సరేయన్నప్పుడే జనులు లక్ష్యపత్రములకడకు నడచుట. అంతవరకు తుపాకి నెవ్వడును ముట్టరాదు.

ఇక విద్య. వారు వాడునది ‘ఇరువదిరెండు’ అను సన్నని తూటాల రైఫిలు. రైఫిలనగా గొట్టము లోపల మెలికగా గాళ్లు దీసిన తుపాకి. ఆ గాళ్లవలన గుండు బొంగరమువలె దిరుగుచు తిన్నగా పోవును. నున్నని గొట్టపు తుపాకి గుండు గాలిలో చెదరును. లక్ష్యము సుమారు 25 గజముల దూరమున నుండును. కాగితముపై ఎఱ్ఱకోటు సిపాయి ఆకారములు నాలుగు, ఒకదానికంటె నొకటి చిన్నవిగా నచ్చొత్తబడియుండును. నిజముగా 100, 200, 300, 400 గజముల దూరమున నిలిచిన మనుష్యుడు కంటికెంత కనబడునో అంతే ప్రమాణము. నన్నూరు గజములవాడు కాగితముపై పదునారవ వంతుకు గ్రుంగి బొటనవ్రేలంత యగును. ఈ త్రైరాశికమును బోధకుడు నల్లబల్లపై వ్రాయుచుండగా బడిపంతులనైన నాకు ప్రాణము లేచివచ్చినది. వృత్తమునకు 360 భాగలు, భాగకు 60 కళలు గదా. ఒక కళ 100 గజములకడ ఇంచుమించు ఒక అంగుళము, 25 గజములకడ కాలంగుళము. గుండ్లు ఎన్ని యంగుళములు తప్పినవో కొలిచి, కళలుగా మార్చి, గురిమరను అన్ని మెట్లు త్రిప్పవలెను. కోపముగాని, అదృష్టముగాని యిందు పనికిరావు.

శరీరమును నిలుపు పద్ధతి మరియు వింతయైనది. తోలుపట్టెను చేతికి బిగించి, బోరగిల బండుకొని, ఎముకలమీద తుపాకి నానించుదురు. కండలతో బట్టిన తుపాకి వణకునట. గురి చూచి, కన్నులు మూసికొని, ఊపిరి పీల్చి విడిచి, మరల కన్నులు దెరచినప్పుడు తుపాకి ఎచ్చట చూచుచున్నదో అదియే శరీరమునకు సహజమైన గురి. అది లక్ష్యమునకు ప్రక్కగా నుండెనా, చేతితో నెట్టరాదు. మోచేతిని కీలుగా నుంచి దేహమునంతయు జరుపవలెను. ఊపిరి విడిచిన పిమ్మట, మరల పీల్చకముందు గల చిన్న విరామముననే మీటను మెల్లగా నొక్కవలెను. ప్రాణాయామము నెఱిగిన మన పెద్దలకు దీనిని వేరుగా వ్యాఖ్యానింప బనిలేదు.

ఒక్కచోటమాత్రము మన పురాణమునకును వారి పాఠమునకును చుక్కెదురు. ద్రోణుడు శిష్యులను పరీక్షించిన కథ మీరెఱుగుదురు. అర్జునునకు కొమ్మ కనబడలేదు, ఆకు కనబడలేదు, పక్షిశిరస్సొక్కటియే కనబడెను. ఇచ్చటి బోధకుడో, లక్ష్యమును జూడవలదని చెప్పెను! వెనుకగురి, ముందుగురి, లక్ష్యము అను మూడింటిని కన్ను ఒక్కసారి స్పష్టముగా జూడజాలదు గనుక, ముందుగురి మొననే నిదానించి చూడవలెను. లక్ష్యము మసకగా నున్నను చింతలేదు. మొన యందు వెండ్రుకవాసి తప్పు లక్ష్యమున జానెడగునట. నేను దీనిని గూర్చి చాలసేపు ఆలోచించితిని. ద్రోణుని విల్లునకు గురిమొన లేదు గదా యని సమాధానపడితిని.

మరియొక పరీక్ష. ఒకని తూటాలలో మందులేని తూటా నొకటి రెండు రహస్యముగా గలిపి యిత్తురు. అది వచ్చినప్పుడు తుపాకి పేలదు. కాని పేలునను భయముచే వాని భుజము ముందే త్రుళ్లిపడుట అందరికిని కనబడును. మా మనుమడు మూడుసార్లు త్రుళ్లిపడి సిగ్గుపడెను. ప్రక్కనున్న బలశాలియు త్రుళ్లిపడుట జూచి తెప్పరిల్లెను.

మధ్యాహ్నము అందరును చెట్టునీడను రొట్టెలు దినుచుండగా చరిత్రకథ యారంభమైనది. ఈ శిక్షణలో అదియు నొక భాగము. నెరసిన జుట్టుగల యొక స్త్రీ, చేత కాగితమైన లేక, హరికథకురాలివలె నిలువబడి 1775వ సంవత్సరము ఏప్రిలు 19వ తేది కథ చెప్పెను. అప్పటికి ఆ దేశము ఇంగ్లండు రాజు క్రింద నుండెడిది. పల్లెవాండ్రు కాంకర్డు గ్రామమున దాచిన యుద్ధసామగ్రిని నాశనము చేయుటకై బోస్టనునుండి సుమారు 700 మంది సిపాయిలు రాత్రివేళ బయలుదేరిరి. పాల్ రివియర్, విలియం డాస్ అనువారు గుఱ్ఱములపై ముందుగా బోయి యిండ్లవారిని లేపిరి. తెల్లవారుసరికి లెక్సింగ్టను పచ్చికబయలున జాన్ పార్కరు నాయకత్వమున 77 మంది నిలిచిరి. మొదట పేల్చినదెవ్వరో నేటికిని తేలలేదు. ఎనమండుగురు గ్రామస్థులు కూలిరి. కాంకర్డున సిపాయిలు కొన్ని సామానులను దగ్ధము చేయగా, ఆ పొగను జూచి ఊరు కాలుచున్నదని తలచి గ్రామసేన వంతెనపైకి నడచెను. ముందు నడచినవాడు ఐజక్ డేవిస్, తుపాకులు చేయు కమ్మరి, ముప్పదియేండ్లవాడు. ఇంట బిడ్డలు జబ్బుతో నుండగా, గడపకడ వెనుదిరిగి, పిల్లలను భద్రముగా జూచుకొమ్మని భార్యకు జెప్పి వచ్చినవాడు. మొదటి కాల్పులలోనే అతడు పడిపోయెను. ఈ మాట చెప్పునప్పుడు ఆమె కంఠము గద్గదమయ్యెను; వినువారిలో రొట్టె నమలినవాడు లేడు.

తిరుగుదారిలో సిపాయిలను గోడల చాటునుండి, చెట్ల చాటునుండి గ్రామస్థులు సాయంకాలమువరకు తరిమిరి. శామ్యూల్ విట్‌మోర్ అను ఎనుబదేండ్లకు సమీపించిన వృద్ధుడు తన పొలపు గోడవెనుక నుండి తుపాకియు, రెండు పిస్తోళ్లును పేల్చి, ముఖమున గుండు తగిలి, బాయొనెట్టు పోట్లు బడి, చచ్చెనని విడువబడియు బ్రదికి, మరి పదునెనిమిదేండ్లు జీవించెను. ఇది విని నేనును కుర్చీలో కొంచెము నిటారుగా గూర్చుంటిని. ఆ దినమున రాజసైన్యమున 73 మంది, గ్రామస్థులలో 49 మంది మృతులు.

నేను చరిత్రకారుడను గాను గాని రెండు మాటలు చెప్పవలెను. ఆనాడు గ్రామస్థుల చేతులలో నున్నవి చాలవరకు నున్నని గొట్టపు తుపాకులే. నూరు గజములు దాటిన వాని గురి నమ్మదగినది గాదు. మూడువేలకు మించిన జనము దినమంతయు పేల్చినను రాజసైన్యమున గాయపడినవారితో గూడ మూడువందలైన కాలేదు. కావున అందరును గొప్ప గురికాండ్రని తలచుట కథయందలి అలంకారము. రెండవది, లెక్సింగ్టనులో గాయపడిన గ్రామస్థులలో ప్రిన్స్ ఎస్టాబ్రూక్ అను నల్లజాతి బానిసయు గలడు. ఈ సంగతి నేను పిమ్మట గ్రంథాలయమున జదివితిని. ఆమె చెప్పియుండిన బాగుండెడిది. స్వాతంత్ర్యమునకై నెత్తురు చిందించినవానికి ఆ దినమున స్వాతంత్ర్యము లేదు.

మనకును ఈ కథకును సంబంధమేమందురా? 1773 డిసెంబరు 16న బోస్టను రేవున నీట ద్రోయబడిన 342 తేయాకు పెట్టెలు ఈస్టిండియా కంపెనీవారివి. 1766లో నిజాముతో సంధి చేసికొని మన ఉత్తరసర్కారులను చేజిక్కించుకొన్న కంపెనీయే అది. 1781లో యార్కుటౌనున అమెరికనులకు లొంగిపోయిన కారన్‌వాలిసు ప్రభువు 1786లో మనకు గవర్నరు జనరలై వచ్చెను. 1793లో అతడు బంగాళమున స్థాపించిన శాశ్వత పైసలా 1802 మొదలు సర్కారు జిల్లాలకును వచ్చినది. మన తాతముత్తాతలు జమీందారుకు గట్టిన శిస్తుల మూలమది.

రెండవనాడు పరీక్ష. నిలువబడి, కూర్చుండి, పండుకొని 40 గుండ్లు కాల్చవలెను. మొత్తము 250 మార్కులు. 210 వచ్చినవానికి ‘రైఫిల్‌మన్’ అని కుట్టిన గుడ్డబిళ్ల యిత్తురు. మా వానికి 168 వచ్చినవి. బిళ్ల రాలేదు.

కాని అంతకుముందు ఒక సంగతి జరిగినది. కాల్పు ముగిసి జనము లేచుచుండగా, “కాల్పులాపుడు!” అని సన్నని గొంతుక యొకటి వినబడెను. మా మనుమడే. వానికి రెండవప్రక్కనున్న పెద్దమనిషి తుపాకి గది మూసియున్నది; జెండా లేదు. అందరును ఉన్నచోటనే నిలిచిపోయిరి. అధికారి వచ్చి తెరచి చూడగా లోపల తూటా యున్నది. ఆ పెద్దమనిషి యెఱ్ఱబడి, వంగి, బాలునకు కృతజ్ఞత చెప్పెను. ఎవ్వరును వానిని చిన్నవాడవు, నోరు మూయుమనలేదు. నా బడిలో నేనట్లు ఎందరిని నోరు మూయించితినో ఆ క్షణమున నాకు జ్ఞాపకమునకు వచ్చెను.

ఇల్లు చేరినంతనే మా కోడలు గుమ్మములోనే నిలిచి “మామగారూ, ఏమందురు?” అని యడిగెను. “నేర్చుకొననిమ్మమ్మా. అయితే తుపాకి యొక పెట్టెలో, తూటాలు వేఱొక పెట్టెలో నుండవలెను. రెండు తాళపుచెవులును నీకడనే యుండవలెను” అంటిని. కుమారుడు మారుమాటాడక జేబులోనుండి చెవులు దీసి యిచ్చెను. ఆమె వానిని దీసికొనిపోయి పసుపుకుంకుమల భరిణెతోగూడ బీరువాలో బెట్టి తాళము వేసెను.